మూకుడు నుంచి సర్వకు: వరంగల్ వంటింట్లో నూనె, దాని మీద ఉన్న ఆధారాలు

2025 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రభుత్వ కార్యాలయాలకు ఒక సూచన పంపింది. తినుబండారాల్లో నూనె, చక్కెర ఎంతెంత ఉంటాయో చూపే బోర్డులు క్యాంటీన్లలో, సమావేశ మందిరాల్లో పెట్టమని దాని సారాంశం. ఆ వెంటనే సమోసా, జిలేబీల మీద సిగరెట్ పెట్టె తరహా హెచ్చరిక రాబోతోందని వార్త పాకింది. అలాంటిదేమీ లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ఫిబ్రవరి 23న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రతి ఇంట్లో వంటనూనె వాడకం 10 శాతం తగ్గించమని కోరారు. వినడానికి సులువైన సలహాయే. కానీ పొద్దుగూకే వేళ హనుమకొండ చౌరస్తాలో మిర్చి బండి ముందు నిలబడ్డవాళ్లకు, సంక్రాంతికి బిడ్డ అత్తగారింటికి సకినాలు పంపే తల్లికి అది ఎంతవరకు పనికొస్తుంది? నూనె వంటకాల వల్ల జరిగే చెరుపులో రుజువైనదెంత, అనుమానమెంత, అలవాటుగా చెప్పుకునే మాటెంత? వాటికి బదులు ఏది తింటే నిజంగా లాభం? ఆధారాలు ఎంతవరకు తీసుకెళ్తే అంతవరకే ఈ వ్యాసం వెళ్తుంది.

నెలకు ఎన్ని ప్యాకెట్లు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆ సంస్థ 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు 2,000 కిలో కేలరీలు సరిపోయే మనిషికి ఒక నమూనా పళ్లెం అందులో ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులూ గుడ్లూ మాంసమూ కలిపి 85, గింజలు 35, నూనె నెయ్యి లాంటివి 27 గ్రాములు. ఈ చివరి అంకెను వంటింటి భాషలోకి మార్చుకుందాం. నలుగురున్న ఇంటికి నెలకు 3,240 గ్రాములు. లీటరు నూనె తూగేది 910 గ్రాములకు అటూ ఇటూ కాబట్టి, మూడున్నర లీటర్లకు కొంచెం పైన. నెలసరుకుల చీటీలో ఐదు లీటర్ల డబ్బా రాసే నలుగురి ఇల్లు ఈ గీత దాటినట్టే. అది కూడా బయట తిన్నది లెక్కలోకి తీసుకోకుండా.

నీతి ఆయోగ్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో వంటనూనె తలసరి వాడకం ఏడాదికి 19.7 కిలోలు. రోజుకు 54 గ్రాములు. అంటే పైన చెప్పిన 27కు సరిగ్గా రెట్టింపు. ప్రధాని కోరినట్టు పదో వంతు తగ్గించినా 48, 49 దగ్గరే ఆగుతుంది. అయితే ఈ 54ను జాగ్రత్తగా చదవాలి. ఇది దేశం మొత్తానికి వేసిన సగటు. బిస్కెట్ ఫ్యాక్టరీలకు పోయేదీ, హోటల్ మూకుళ్లలో మాడి పారబోసేదీ ఇందులోనే ఉంటాయి. కాబట్టి ప్రతి మనిషి కడుపులోకీ 54 గ్రాములు పోతోందని దీన్నిబట్టి చెప్పలేం. మోతాదు మించిందనడానికి మాత్రం ఇది చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తెలంగాణలో 2019లో జరిగింది. అందులో రాష్ట్రంలో 30.1 శాతం ఆడవాళ్లు, 32.3 శాతం మగవాళ్లు ఉండాల్సిన బరువును దాటినవాళ్లు. అంతకుముందు విడతలో మగవాళ్ల అంకె 24.2 శాతమే. ఆ సర్వే నాటికి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వేర్వేరు జిల్లాలు. 2021లో అవి హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా పేర్లు మార్చుకున్నాయి. పాత పట్టికల్లో పేరు వెతికేవాళ్లకు ఇది గుర్తుండటం మంచిది.

అదే సర్వే నూనెలో వేయించిన తిండి ఎన్నిసార్లు తింటారని కూడా అడుగుతుంది. రోజూనా, వారానికోసారా, ఎప్పుడన్నానా, అసలే తినరా అని. ఎంత తిన్నారని అడగదు, ఏ నూనెలో వేగిందని అడగదు, ఆ నూనె ఎన్నోసారి కాగిందన్నదీ అడగదు. రోజూ రెండు అప్పడాలు వేయించుకునే ఇల్లూ, రోజూ బండి మీద అరడజను మిర్చీలు తినే మనిషీ ఈ పట్టికలో ఒకే గడిలో పడతారు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల విశ్లేషణ పట్టికలదీ ఇలాంటి ఇబ్బందే. 528 పదార్థాలను పరీక్షించి వేసిన గొప్ప పుస్తకం అది, కాని పచ్చి పదార్థాల పుస్తకం. బియ్యంలో ఎంత కొవ్వో, నువ్వుల్లో ఎంతో అందులో దొరుకుతుంది. ఆ రెండూ కలిసి మూకుడులో మునిగి లేచాక ఎంతైందన్నది వంటింట్లో తూకం వేసుకుని తేల్చుకోవాల్సిందే.

తూకం వేయడం కష్టమేమీ కాదు. పొయ్యి ఎక్కించే ముందు మూకుడును నూనెతో సహా తూచాలి. వేయించడం అయిపోయి చల్లారాక మళ్లీ తూచాలి. తగ్గిన బరువును వేయించిన పిండివంట బరువుతో భాగిస్తే మన ఇంటి నూనె శాతం దాదాపుగా తెలిసిపోతుంది. మధ్యలో నూనె కలిపితే దాన్నీ కూడుకోవాలి. గంటెకు, కాగితానికి అంటుకున్నది కొంత తేడా తెస్తుంది కాని మన అవసరానికి ఈ లెక్క చాలు.

మూకుడులో జరిగేది

పిండివంట నూనెలో పడగానే బుసబుసమని లేచే బుడగలు నూనెవి కావు, పిండిలోని తడివి. నూనె 160, 180 డిగ్రీల మధ్య కాగి ఉంటుంది. నీళ్లు 100 దగ్గరే ఆవిరవుతాయి. ఆ ఆవిరి లోపల్నుంచి తన్నుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి దూరడం కష్టం. బుడగలు తగ్గుతున్నాయంటే తడి అయిపోవస్తోందని, వంట తెలిసినవాళ్లు చెవితోనే పట్టేస్తారు. నూనె ఎక్కువగా పీల్చుకునేది ఆ తర్వాత, గంటెతో పైకి తీశాక. ఆహార ఇంజనీరింగ్ పరిశోధనల్లో పదేపదే కనపడిన సంగతి ఇది. వేడి తగ్గుతుంటే లోపలి ఆవిరి చల్లబడి కుదించుకుపోతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, పైన అంటుకుని ఉన్న నూనెను ఆ సన్న సన్న రంధ్రాలు లోపలికి లాగేసుకుంటాయి. కాబట్టి తీసిన మొదటి నిమిషంలో, ఇంకా వేడిగా ఉండగానే, జల్లిగంటెలో గట్టిగా దులిపి వడకట్టడం వట్టి చాదస్తం కాదు. గంప అడుగున కాగితం పరిచి చల్లారాక నూనె దిగుతుందిలే అనుకుంటే, దిగేది పైపైనది మాత్రమే. ఆ కాగితం వార్తాపత్రిక కాకూడదన్నది వేరే విషయం. సిరాలోని రసాయనాలు తిండిలో కలుస్తాయని ఆహార భద్రతా సంస్థ 2016 నుంచీ చెబుతూనే ఉంది. బండ్ల మీద మిర్చీలు ఇంకా అందులోనే చుట్టి ఇస్తున్నారు.

సకినం సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చూడాలి. నానబెట్టిన బియ్యం తడిపిండి, అందులో నువ్వులు, వాము, ఉప్పు. బట్ట మీద వేళ్లతో మెలితిప్పుతూ సన్నటి చుట్లుగా పోస్తారు. కాసేపు ఆరాక నూనెలో వేస్తారు. ఎర్రబారితే రూపు చెడుతుందని చాలా ఇళ్లలో మంట తగ్గించి తెల్లగా ఉండగానే తీస్తారు. ఆ వంట తీరులోనే నూనె పీల్చుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి. పిండిలో తడి ఎక్కువ, చుట్లు సన్నం కాబట్టి నూనె తగిలే పైభాగం ఎక్కువ, మంట తక్కువ కాబట్టి మూకుడులో ఉండే సమయమూ ఎక్కువ. మిర్చి అలా కాదు. పైన శనగపిండి పొర మందంగా ఉంటుంది, లోపలి మిరపకాయలో నీళ్లు అలాగే ఉంటాయి. మిర్చి చేతికి జిడ్డుగా తగులుతుంది, సకినం పొడిగా పెళపెళలాడుతుంది. జిడ్డును చూసి భయపడేవాళ్లు సకినాన్ని అనుమానించరు. తూకం లెక్కన చూస్తే మాత్రం నీళ్లన్నీ పోయి ఎండిన సకినంలోనే నూనె వాటా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. చేతికి అంటే జిడ్డు కొవ్వుకు కొలబద్ద కాదు.

సకినాలు వేయించడానికి ఒకప్పుడు మంచి కారణమే ఉండేది. తడి పూర్తిగా పోయినది బూజు పట్టదు, గంపలో రోజుల తరబడి నిలవుంటుంది, బండిలో ఊరు దాటించొచ్చు. పైగా అప్పట్లో గానుగ నూనె అగ్గువగా దొరికేది కాదు, మూకుడు నిండా నూనె పోయడం పండక్కి మాత్రమే కుదిరేది. ఇప్పుడు మిఠాయి దుకాణాల్లో సకినాలు ఏడాది పొడుగునా కిలోల్లెక్కన అమ్ముతున్నారు. వంట మారలేదు, తినే తరచుదనం మారింది.

కడుపులో, గుండెలో

కొవ్వు చిన్నపేగు మొదట్లోకి చేరగానే కొలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పిత్తాశయాన్ని బిగిసేలా చేస్తుంది. అరడజను మిర్చీలు తిన్న రాత్రి కడుపు బరువుగా ఉండటానికి కారణం ఇదే, ఇందులో ఎవరికీ పేచీ లేదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు నూనె భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి లేవడానికీ ఇదే కారణం. గుండెలో మంట విషయం ఇంత తేటగా లేదు. కొందరికి వేపుళ్లు పడవు, ఇంకొందరికి పులుపో టీయో పడదు. ఎవరికి ఏది పడదో వాళ్లే గమనించుకోవాలనే వైద్యులు చెబుతున్నారు. ఒక్కటి మాత్రం వరంగల్‌లోనే కాదు, అంతటా తప్పుగా అర్థమవుతోంది. రాళ్ల భయంతో నూనె పూర్తిగా మానేసి వేగంగా బరువు తగ్గితే కొత్త రాళ్లు పుట్టే ప్రమాదం ఉంది. కొవ్వు రాకపోతే పిత్తాశయం బిగియదు, పిత్తం అక్కడే నిలిచి చిక్కబడుతుంది.

గుండె దగ్గరికి వచ్చేసరికి అధ్యయనాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్పెయిన్ అధ్యయనం 40,757 మందిని 11 ఏళ్లు గమనించింది. వేపుళ్లు ఎక్కువ తిన్నవాళ్లకు గుండె ధమనుల జబ్బు గాని, మరణాలు గాని ఎక్కువైనట్టు కనపడలేదు. అదే పత్రికలో 2019లో అమెరికా నుంచి 1,06,966 మంది మెనోపాజ్ దాటిన ఆడవాళ్ల మీద అధ్యయనం వచ్చింది. రోజుకొక్కసారైనా వేయించినవి తిన్నవాళ్లలో మరణాల ముప్పు, తిననివాళ్లతో పోలిస్తే 8 శాతం ఎక్కువ. వేయించిన కోడి అయితే వారానికొక్కసారైనా తిన్నవాళ్లలోనే 13 శాతం. 2021లో ‘హార్ట్’ పత్రిక 17 అధ్యయనాలను కలిపి చూస్తే, అందరికంటే ఎక్కువ తినేవాళ్లకు పెద్ద గుండె, రక్తనాళాల ఘటనల ముప్పు, అందరికంటే తక్కువ తినేవాళ్లకన్నా 28 శాతం ఎక్కువగా తేలింది.

స్పెయిన్‌లో ఇంట్లో ఆలివ్ నూనెలోనో పొద్దుతిరుగుడు నూనెలోనో వేయించుకున్నారు. అమెరికాలో చాలామంది బయట తిన్నారు, కోడీ చేపా తిన్నారు. రెండూ పరిశీలన అధ్యయనాలే. వేపుళ్లు ఎక్కువ తినేవాళ్లు మిగతా విషయాల్లోనూ వేరుగా బతుకుతారు, ఆ తేడాను గణితం పూర్తిగా తుడిచేయలేదు. 28 శాతం అన్న అంకె భయపెడుతుంది కాని అది ఒక చివర ఉన్నవాళ్లకూ మరో చివర ఉన్నవాళ్లకూ మధ్య ఉన్న తేడా. వారానికి ఇంకొక 114 గ్రాములు పెరిగితే ముప్పు పెరిగేది 3 శాతం అని అదే వ్యాసం చెబుతోంది. వీటిలో ఏదీ సకినాలు తిన్నవాళ్ల మీద జరిగింది కాదు. నా తీర్పు ఇది: రోజూ వేపుళ్లు తినడం మంచిది కాదనడానికి ఆధారం ఉంది, బలంగానే ఉంది. పండక్కి నాలుగు సకినాలు తింటే గుండెకు చేటనడానికి మాత్రం లేదు.

నూనె పోయి అన్నం వస్తే?

నూనె తగ్గించమన్న సలహాకు అసలు పరీక్ష ఇక్కడ ఉంది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ప్రయోగంలో 48,835 మంది ఆడవాళ్లను చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కొవ్వు తగ్గించి కూరగాయలు, పళ్లు, ధాన్యాలు పెంచుకొమ్మని నేర్పారు. సగటున ఎనిమిదేళ్ల తర్వాత 2006లో ఫలితాలు చూస్తే, గుండెజబ్బులో గాని పక్షవాతంలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ అధ్యయనం 18 దేశాల్లో 1,35,335 మందిని చూసింది, ఆ దేశాల్లో మనదీ ఒకటి. పిండి పదార్థాలు అందరికంటే ఎక్కువ తిన్న అయిదో వంతు మందిలో మరణాల ముప్పు 28 శాతం ఎక్కువ. కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లలో ముప్పు తక్కువ. ఇది చూసి నెయ్యి డబ్బాలు తెరిచినవాళ్లూ ఉన్నారు. తొందరపడ్డారు. పేద దేశాల్లో పిండి పదార్థాలు ఎక్కువ తినేది తరచు పేదవాళ్లే, వాళ్ల చావులకు అన్నం ఒక్కటే కారణం కాదు. ఆ అభ్యంతరాన్ని ప్యూర్ పూర్తిగా దాటలేదు. అయినా ఆ ఫలితం వరంగల్ పళ్లేనికి ఎంతో కొంత వర్తిస్తుందనే అనుకుంటాను.

మన పళ్లెంలో ఉన్నది అన్నం. దేశమంతటా 18,090 మంది తిండిని లెక్కగట్టి ఐసీఎంఆర్–ఇండియాబ్ అనే మధుమేహ అధ్యయనం 2025లో వేసిన వ్యాసం ప్రకారం, భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది, అందులో ఎక్కువ భాగం పాలిష్ బియ్యం, మర పట్టిన పిండి, చక్కెర. ఇదే పరిశోధన బృందం అంతకుముందు తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో రక్తంలోని కొవ్వులు చూసింది. చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు 12 శాతం లోపే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు 29.5 శాతం. మంచి కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లు 72.3 శాతం. ట్రైగ్లిజరైడ్లు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం పిండి పదార్థాలు మితిమీరినప్పుడు కనపడే జంట. పాశ్చాత్య దేశాల కొవ్వు భయాన్ని యథాతథంగా దించుకుంటే మన జబ్బుకు మందు కాకపోవచ్చు. సాయంత్రం మిర్చి మానేసి ఇంకో పళ్లెం అన్నమో, నాలుగు తీపి బిస్కెట్లతో చక్కెర టీయో పుచ్చుకున్న మనిషి నూనె తగ్గించాడే గాని మేలు పొందాడని చెప్పలేం.

అలాగని కొవ్వంతా ఒకటి కాదు. గడ్డకట్టే స్వభావమున్న సంతృప్త కొవ్వు తగ్గించిన ప్రయోగాలను కాక్రేన్ సంస్థ 2020లో కలిపి చూస్తే, గుండె, రక్తనాళాల ఘటనలు మొత్తంగా 17 శాతం దాకా తగ్గాయి. దాని స్థానంలో బహుళ అసంతృప్త కొవ్వులున్న నూనెలు వచ్చిన చోట మేలు ఇంకా స్పష్టం. ఈ లెక్కన బండి మీద వాడే పామాయిల్‌పై ప్రశ్న ఉంది. అందులో దాదాపు సగం సంతృప్తమే. పల్లి నూనెలో అయిదో వంతు లోపు, నువ్వుల నూనెలో ఏడో వంతు దగ్గర, పొద్దుతిరుగుడులో తొమ్మిదో వంతు. కాని బండివాళ్లను ఊరికే తిట్టడం న్యాయం కాదు. పామాయిల్ అగ్గువ, పైగా ఎంతసేపు కాగినా తొందరగా చెడదు. ఆ నిలకడ వచ్చేది ఆ సంతృప్త కొవ్వు వల్లే. పొద్దుతిరుగుడు నూనెను రోజంతా కాచితే అది ముందు విరుగుతుంది. గుండెకు మంచిదని పేరున్న నూనె ఎడతెగని మూకుడుకు మంచిది కాకపోవచ్చు.

ఆ మూకుడు మీద చట్టం ఉంది. నూనె పదేపదే కాగితే పోలార్ పదార్థాలు పేరుకుంటాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుళ్లకు వాడే సంస్థలు వాడేసిన నూనెను ఎటు పంపారో రాసి ఉంచాలి. ఆ ఏడాది ఆగస్టులోనే ఆ నూనెతో బయోడీజిల్ చేసే పథకమూ మొదలైంది. చౌరస్తాలో ఒక బండి 50 లీటర్లు ఎన్నడూ వాడదు, కాబట్టి దాని లెక్క అడిగేవాళ్లు లేరు. నల్లబడ్డ నూనెను పారబోయకుండా పొద్దున కొత్త నూనె కలిపి మళ్లీ కాస్తారు. ఇలాంటి నూనె వల్ల ఏం జరుగుతుందన్నదానికి దక్షిణ స్పెయిన్‌లోని పిజర్రా ఊళ్లో 2003లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. ఇళ్ల వంటగదుల్లోని నూనె నమూనాలు తీసి చూస్తే, పోలార్ పదార్థాలు ఎక్కువున్న ఇళ్లలో రక్తపోటు ఎక్కువగా కనపడింది. ఒక్క ఊరి సంగతి, కారణాన్ని రుజువు చేయదు. వేపుళ్లకు వాడిన నూనెను మళ్లీ వేయించడానికి వాడొద్దు, వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపులోకి వాడుకోండి అని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే సలహా మాత్రం ఇంట్లో పాటించదగ్గది. డాల్డా రకం వనస్పతి గొడవ చాలావరకు తగ్గింది. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2022 జనవరి నుంచి 2 శాతం దాటకూడదు.

సర్వపిండి లెక్క

వరంగల్ వంటింట్లో సకినానికి ప్రత్యామ్నాయం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సర్వపిండి ఉంది. కొందరు గిన్నెప్ప అంటారు. అదే బియ్యప్పిండి, అవే నువ్వులు. నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, ఉల్లి ఆకు, కరివేపాకు, కారం కలిపి ముద్ద చేసి సర్వ అనే గిన్నె అడుగున లోపలివైపు పలచగా వత్తుతారు. వేలితో చిల్లులు పెట్టి ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేస్తారు. మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేస్తే అడుగు కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. నూనె చెంచాతో పోసేది, మూకుడుతో కాదు. అయితే దీన్ని నూనె లేని వంట అనేసి ఊరుకోకుండా లెక్క వేద్దాం.

100 గ్రాముల బియ్యప్పిండికి సర్వపిండిలో రెండు టీ చెంచాల నూనె, 20 గ్రాముల పల్లీలు, 10 గ్రాముల నువ్వులు అనుకుందాం. నూనె 9 గ్రాములు. పల్లీల్లో సగానికి కొంచెం తక్కువ కొవ్వు, అది మరో 9. నువ్వుల్లోంచి 4 లేదా 5. మొత్తం 23 దాకా. అదే 100 గ్రాముల పిండితో, 12 గ్రాముల నువ్వులతో సకినాలు చేసి, వేగాక బరువులో 20 నుంచి 25 శాతం నూనె ఉందనుకుంటే, పీల్చుకున్నదే 29 నుంచి 38 గ్రాములు. నువ్వులు కలిపితే 35 నుంచి 44. తేడా 12 నుంచి 21 గ్రాములు, అంటే 100 నుంచి 190 కేలరీలు. ఇవి ప్రయోగశాల అంకెలు కావు, వంటింటి అంచనాలు. చెంచా పెద్దదైతే, పల్లీలు గుప్పెడు ఎక్కువైతే తేడా మరింత చిన్నదవుతుంది. చాలామంది ఊహించేంత భారీ తేడా ఇక్కడ లేదు. కాకపోతే సర్వపిండిలోని కొవ్వులో సగానికి పైగా పల్లీలు, నువ్వుల రూపంలోనే వస్తోంది, దానితోపాటు మాంసకృత్తులు, పీచు కూడా. శనగపప్పు బియ్యప్పిండికి లోటైన మాంసకృత్తులను కొంత పూరిస్తుంది. తడి ఉంటుంది కాబట్టి పొట్ట నిండుతుంది, డబ్బాలో దాచి పొద్దస్తమానం నమలడం కుదరదు. నా మటుకు సర్వపిండికి ఉన్న పెద్ద గుణం ఇదే అనిపిస్తుంది. నిలవుండదు కాబట్టి అవసరం లేకుండా తినబడదు.

అసలైన తక్కువ కొవ్వు తిండి కావాలంటే గుడాలు. అలసందలు, పెసలు, శనగలు, మక్కలు ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే తాలింపుకు ఒక చెంచా నూనె చాలు. మక్కలు పిండి పదార్థమే గాని, మిగతా మూడూ వడ్డించే పళ్లెంలో మాంసకృత్తులు పెంచి అన్నం వాటా తగ్గిస్తాయి. ఇండియాబ్ వ్యాసం కూడా అటే చూపుతోంది. పిండి పదార్థాల కేలరీల్లో కొంత తీసి పప్పుల్లాంటి మొక్కల మాంసకృత్తులో పాల మాంసకృత్తులో పెడితే మధుమేహం ముప్పు తగ్గే సూచన అందులో ఉంది. జొన్నరొట్టెకు నూనె చుక్క అక్కర్లేదు. పచ్చిపులుసు పొయ్యి ఎక్కకుండానే అయిపోతుంది. జొన్నరొట్టెలు మాత్రం ఎన్నైనా తినొచ్చనే ధీమా వద్దు. బియ్యం తీసి చిరుధాన్యం పెట్టినంతమాత్రాన, మొత్తం పిండి పదార్థం తగ్గకుండా, ముప్పు తగ్గినట్టు ఆ వ్యాసంలో కనపడలేదు.

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు చూస్తే ముచ్చటేస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల బతుకమ్మ నాడు పిండితో వేపకాయల్లా చేసి వేయించినవి, వెన్నముద్దలు, చివర్న సద్దులు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. ఊరూరికీ తేడాలున్నా, మూకుడు నిండా నూనె పోసేది చాలాచోట్ల ఒక్క రోజు. సద్దుల నాటి మలీదలో బెల్లం, నెయ్యి దండిగా పడతాయి కాబట్టి అదంతా ఆరోగ్య సూత్రమని చెప్పడం అతి అవుతుంది. ఒక సంవత్సరంలో వేపుడు ఏ చోట ఉండేదో మాత్రం అది చూపిస్తుంది.

బజారు ప్రత్యామ్నాయాల దగ్గర కళ్లు తెరిచి ఉండాలి. ‘బేక్ చేసినది, వేయించినది కాదు’ అని రాసిన ప్యాకెట్‌లో మైదా, పామాయిల్, ఉప్పు ఉండొచ్చు. వెనక పట్టికలో 100 గ్రాములకు మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, సోడియం చూడాలి, ముందున్న బొమ్మను కాదు. పాల విషయంలో నిబంధన స్పష్టంగా ఉంది. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వు, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. రోజుకు అర లీటరు పాలు తాగే మనిషి ఫుల్ క్రీమ్ నుంచి టోన్డ్‌కు మారితే 15 గ్రాముల కొవ్వు తగ్గుతుంది, అందులో చాలావరకు సంతృప్తమే. ఏ పిండివంటా వదులుకోకుండా దొరికే లాభం ఇది. ఎయిర్ ఫ్రయర్ నూనె తగ్గిస్తుంది, నిజమే. సకినాలకు అది పనికిరాదని ప్రయత్నించినవాళ్లు చెబుతారు, పిండి ఎండి పగులుతుంది.

ఇదంతా అందరికీ ఒకే మోతాదులో వర్తించదు. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది, వాటిలో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. అప్పటి సమస్య తిండి చాలకపోవడం. ఆ పిల్లలే పెద్దయ్యాక వాళ్ల రక్తపోటు, చక్కెర, కొవ్వులు కొలుస్తూ ఆ అధ్యయనం ఇంకా సాగుతోంది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఆ రెండు సమస్యలూ ఇప్పుడు కలిసే ఉన్నాయి. ఐదో విడత సర్వే నాటికి తెలంగాణ ఆడవాళ్లలో అయిదో వంతుకు దగ్గరగా బరువు చాలని వాళ్లే. బక్కచిక్కిన బాలింతకు, రెండేళ్లలోపు బిడ్డకు నూనె, నెయ్యి తగ్గించమని చెప్పకూడదు. పిల్లల చిన్న పొట్టకు తక్కువ మోతాదులో ఎక్కువ శక్తినిచ్చేది కొవ్వే. పిత్తాశయం రాళ్లు, పాంక్రియాస్ వాపు, ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవాళ్లు ఎంత తినాలన్నది వైద్యుడు రక్తపరీక్ష చూసి చెప్పాల్సిన మాట. మిగతావాళ్లు ముందు నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో రాసుకోవచ్చు. నలుగురి ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నలభై రోజులు వచ్చిందంటే నెలకు పడేది మూడున్నర లీటర్ల పైన, అంటే బయటి తిండి పక్కన పెడితే ఆ ఇల్లు ఇప్పటికే గీత దగ్గరకొచ్చినట్టు.